జిల్లా ఉదాహరణ

నెల్లివాడ ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు సన్యాసిరావుకి పాటలు కట్టే జబ్బు ఉండేది. అది జబ్బని ఆయనకి అప్పట్లో తెలియదు, ప్రతిభ అనుకునేవాడు. విద్యాశాఖ వాళ్ళు చేతులు కడుక్కునే వారోత్సవం జరపమంటే సబ్బు మీద పాట కట్టాడు. దోమల నిర్మూలన అంటే దోమల మీద కట్టాడు. ఆ దోమల పాట ఎంత హుషారుగా కుదిరిందంటే, పిల్లలు దాన్ని పాడుకుంటూ వెళ్ళి మురుగ్గుంటల దగ్గర నిలబడి దోమల్ని ముచ్చటగా చూసి వచ్చేవారు. మండలంలో జ్వరాలు తగ్గాయో పెరిగాయో గానీ సన్యాసిరావు పేరు మాత్రం జిల్లా ఆఫీసు దాకా పాకింది. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

ఆ ఏడాది బళ్ళు తెరవగానే పై నుంచి కొత్త ఉత్సాహం ఒకటి దిగింది. దాని పేరు ‘చిన్నారుల వ్యక్తిగత సమాచార పరిరక్షణ పక్షోత్సవం’. సొంత విషయాలంటే ఏమిటో, వాటిని కొత్తవాళ్ళతో ఎందుకు పంచుకోకూడదో ఒకటీ రెండూ తరగతుల పిల్లలకి నేర్పాలి. నిజానికి మంచి పనే. ఎవడో ఫోన్ చేసి, బాబూ, మీ నాన్న ఫోనుకి ఇప్పుడే వచ్చిన అంకెలు చదువమ్మా అంటే, పలక మీద ఎక్కాలు అప్పజెప్పినంత ముద్దుగా చదివేసే పిల్లలు ఊరూరా ఉన్నారు. సన్యాసిరావు ఉత్తర్వులు చదివి తల ఊపాడు. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఊపడం ఆపాడు.

ఆఖరి పేజీలో ఇలా ఉంది: ‘బోధన సోదాహరణముగా జరుగవలెను. ఉదాహరణ వాస్తవమైనదై ఉండవలెను. కల్పిత నామములు, కల్పిత నంబర్లు ఉపయోగించిన యెడల పిల్లలకు అసత్యము బోధించినట్లు పరిగణింపబడును. అయితే విద్యార్థుల, వారి తల్లిదండ్రుల, లేదా ఇతర పౌరుల సమాచారమును ఎట్టి పరిస్థితులలోనూ ఉదాహరణగా వాడరాదు.’

జిల్లా కేంద్రంలో జరిగిన శిక్షణ తరగతిలో టీచర్లందరూ ఈ పేజీ దగ్గరే తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరూ నోరెత్తలేదు. సన్యాసిరావు ఎత్తాడు. పిల్లలది వాడకూడదు, పెద్దలది వాడకూడదు, అసలు లేనిది వాడకూడదు, మరి ఎవరిది వాడాలండీ అని అడిగాడు. అడక్కుండా ఉంటే సరిపోయేదని ఆ తరవాత ఆయన తల గోడకేసి కొట్టుకోని రోజు లేదు.

పక్షోత్సవానికి జిల్లా అధికారి కోదండపాణి. ఆయన ఏ మాటనైనా ముందు మనసులో ఫైలులో పెట్టి, నంబరు వేసి, ఆ తరవాతే నోట్లోంచి బయటికి పంపే మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “బోధకుడు తనను తాను బోధనోపకరణముగా సమర్పించుకొనుటను ఈ ఉత్తర్వులు ఎక్కడా నిషేధించలేదు” అన్నాడు. అని ఊరుకోకుండా సన్యాసిరావు వైపు చూసి, పాటలు కట్టే మాస్టారు మీరే కదూ అని అడిగాడు. సన్యాసిరావు లోపల ఉన్న కవి వెంటనే లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. లోపలే ఉన్న హెడ్మాస్టరు కూర్చోమని చొక్కా పట్టుకు లాగాడు గానీ, కవి వినలేదు.

ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని పాట మొదలుపెట్టాడు. తన ఫోను నంబరు మొదటి చరణంలో ఇమిడింది. తాళం చెవి మందారం కుండీలో పెట్టే అలవాటు రెండో చరణంలోకి వచ్చింది. బల్లిని చూస్తే తనకి ఒళ్ళు జలదరిస్తుందన్న సంగతి మూడో చరణంలో చక్కగా సర్దుకుంది. ఆఖరి చరణంలో మాత్రం ఒక్క మాట కావాల్సి వచ్చింది. ఏ మాట వేసినా రెండు మాత్రలు తక్కువవుతున్నాయి, లేదా రెండు మాత్రలు పొంగిపోతున్నాయి. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. అప్పుడు వంటింట్లోంచి నూకరత్నం భోజనానికి పిలిచింది. ఆ పిలుపు సరిగ్గా సరిపోయింది.

ఆ పిలుపు సంగతి కొంచెం చెప్పాలి. నూకరత్నం సన్యాసిరావు భార్య. వాళ్ళ తరంలో ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. పిలుద్దామన్నా సన్యాసిరావు అన్నది కొత్త పెళ్ళికూతురు నోట పలకదగ్గ పేరు కాదు. పెళ్ళిచూపుల్లో ఈయన బెరుకు తెలియకుండా ఉండటానికి పళ్ళెంలో పెట్టిన చేగోడీలన్నీ ఒక్కటీ మిగల్చకుండా తినేశాడు. పెద్దలు మాటలు ముగించి పళ్ళెం వైపు చూసేసరికి అది కడిగినట్టుంది. అది గుర్తుపెట్టుకుని, కాపురానికి వచ్చాక ఆమె వంటింటి గుమ్మంలోంచి మెల్లగా ‘చేగోడీ’ అని పిలిచేది. ఈయన పలికేవాడు. అత్తగారు మాత్రం కోడలికి చేగోడీల మీద మనసుందనుకుని పాపం వారం వారం వేయించి పెట్టేది. ఆవిడ పోయేదాకా అసలు సంగతి ఆవిడకి తెలియదు. ఎదిగిన కూతురికీ తెలియదు. నూకరత్నం కోపం వచ్చినా, జ్వరం వచ్చినా, మొగుడితో మాటలు మానేసినా కూడా అన్నానికి మాత్రం ఆ పేరుతోనే పిలిచేది.

దాన్ని సన్యాసిరావు రెండు మాత్రల కోసం పాటలో పెట్టేశాడు. పెట్టి, భేషుగ్గా కుదిరిందని తనే తొడ చరుచుకున్నాడు.

*చెప్పకు చెప్పకు చిట్టెమ్మా,*
*తాళం చెవి కుండీలో ఉందని చెప్పకు!*
*చెప్పకు చెప్పకు చిట్టెమ్మా,*
*బల్లంటే మాస్టారికి భయమని చెప్పకు!*
*ఇంట్లో ఆయన్నేమంటారో తెలుసా?*
*చేగోడీ! చేగోడీ! చెప్పకు చెప్పకు!*

ఫోను నంబరు ఉన్న చరణం ఇక్కడ వెయ్యడం లేదు. జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు.

పిల్లలకి పాట బ్రహ్మాండంగా నచ్చింది. అంతవరకూ సొంత విషయమంటే ఏమిటో బుర్రకెక్కని వాళ్ళకి ఇప్పుడు చటుక్కున తెలిసిపోయింది. సొంత విషయమంటే సన్యాసిరావు మాస్టారు. చూడటానికి వచ్చిన కోదండపాణి మొదటి సారి ముసిముసిగా నవ్వాడు, రెండోసారి పాడించుకుని గంభీరంగా అయిపోయాడు. ఆయనకి గొప్ప ఆలోచన వచ్చిందన్నమాట. జిల్లాలో ఇన్ని బళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క బళ్ళో ఒక్కొక్క టీచరు తన సమాచారాన్ని ఉదాహరణగా వాడుకుంటే ఎంతమంది సమాచారం బయటపడుతుంది? అదే జిల్లా అంతటికీ ఒక్కరినే ఉదాహరణగా నిర్ణయిస్తే, ఆ ఒక్కరిది పోతుంది గానీ మిగతా వారందరిదీ పదిలంగా ఉంటుంది. ఈ లెక్కలో తప్పు పట్టడానికి సన్యాసిరావుకి వీలు చిక్కలేదు. పైగా శాలువా కప్పారు.

పది రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. శ్రీ సన్యాసిరావు గారిని ‘జిల్లా ఉదాహరణ’గా నియమించారు. ఆయన ఫోటో, పాటతో సహా ప్రతి బడికీ వెళ్ళింది. బస్టాండులో ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ‘ఈ వివరాలు ఎవ్వరికీ చెప్పకండి’ అని పైన ఎర్ర అక్షరాలు, వాటి కింద ఇంకా పెద్ద అక్షరాల్లో వివరాలు. ఎదురుగుండా మిఠాయి కొట్టువాడు ఫ్లెక్సీ చదివి, తన గాజు బీరువా మీద ‘మాస్టారి చేగోడీలు’ అని బోర్డు పెట్టుకున్నాడు. వ్యాపారం పుంజుకుంది.

ఆ తరవాత సన్యాసిరావు బతుకు బజారున పడింది. తెల్లారకుండానే జిల్లా నలుమూలల నుంచి పిల్లలు ఫోన్ చేసి, మాస్టారూ, మీ నంబరు మేము ఎవరికీ చెప్పలేదండి అని చెప్పేవారు. హైస్కూలు కుర్రాళ్ళు ఆయన సైకిలు సీటు మీద రబ్బరు బల్లులు పెట్టేవారు. తాళం చెవి సంగతి తెలిశాక చుట్టుపక్కల వాళ్ళు ఇంట్లో సాయం చెయ్యడం మొదలుపెట్టారు. నూకరత్నం బజారుకెళ్ళి వచ్చేసరికి ఎదురింటావిడ వీళ్ళ ఫ్రిజ్జులో పాలు పెట్టుకుంటూ ఉండేది, కేబుల్ కుర్రాడు ఫోను ఛార్జింగు పెట్టుకుని కునుకు తీస్తూ ఉండేవాడు. ఒక్క దొంగ కూడా రాలేదు, ఎప్పుడు తొంగి చూసినా లోపల ఎవరో ఒకరు ఉండేవారు గనక.

తాళం చెవి చోటు మారుద్దామని ఆయన అనుకోకపోలేదు. ఆఫీసు వాళ్ళు వద్దన్నారు. ఉదాహరణ వాస్తవమై ఉండాలి కదా, తాళం చెవి మందారం కుండీలోంచి కదిలిన మరుక్షణం జిల్లా అంతటా పిల్లలు అసత్యం నేర్చుకున్నట్టవుతుంది, కాబట్టి ముందస్తు అనుమతి తప్పనిసరి. ఫోను నంబరుకీ అంతే. బల్లులంటే భయం పోగొట్టుకోవాలన్నా ముందుగా తెలియపరచాలి.

ఇవన్నీ ఆయన నవ్వి ఊరుకునేవాడే. నలుగురిలో నవ్వులపాలవడం ఆయనకి కొత్త కాదు, దోమల పాటప్పుడే అలవాటైపోయింది. మింగుడుపడనిది ఇంకొకటి జరిగింది.

ఒకరోజు సాయంత్రం నూకరత్నం వంటింట్లోంచి, “ఏవండీ, అన్నం వడ్డించేను” అంది. సన్యాసిరావు పలకలేదు. తనని కాదనుకున్నాడు. రెండోసారి పిలిచాక లేచి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె మామూలుగానే వడ్డించింది, పప్పులో నెయ్యి కూడా వేసింది. అదేమిటే కొత్తగా ఏవండీ అంటున్నావు అని అడిగితే పులుసు గిన్నె అందుకుంది. పులుసు పోస్తూ అంది.

“పిల్లలకి పాఠం చెప్పమంటే ఇంట్లో మాట పట్టుకెళ్ళి ఊరందరికీ పంచీసేరు. కూరల దగ్గర ఆ బేరగాడు కూడా అంటన్నాడు. వాడన్న మాట నేనెలా అంటానండీ?”

అంత అన్నాక దెబ్బలాట కూడా పెట్టుకోలేదు. దెబ్బలాడితే బాగుండేదని సన్యాసిరావుకి అనిపించింది. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ‘ఏవండీ’ అయ్యాడు. ఇంటి బయట జిల్లా అంతా చేగోడీ, ఇంటి లోపల మాత్రం ఎవరి మొగుడైనా కాగలిగిన ‘ఏవండీ’. అన్నం సహించేది కాదు. తన పాటని తనే తిట్టుకున్నాడు. రెండు మాత్రలు తక్కువైతే కొంప మునిగేదా, తక్కువగానే పాడుకునేవాళ్ళు కదా అనుకున్నాడు.

ఆమె పిలుపు తిరిగి రావాలంటే ముందు ఆ మాట ఊరి నోట్లో నానడం మానాలి. అందుకని తన సమాచారాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు దరఖాస్తు రాసి పట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా దాన్ని అంచు పట్టుకుని ఎత్తి, చదివి, వెనక్కి తోశాడు. ఇందులో మీ పేరు, చిరునామా, ఫోను నంబరు ఉన్నాయండీ, ఇలాంటివి ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఇవ్వకూడదని మీ పాటలోనే ఉంది కదా అన్నాడు. అవన్నీ తీసేసి తెల్ల కాగితం మీద మళ్ళీ రాసిస్తే, ఆకాశరామన్న దరఖాస్తులు స్వీకరించబడవని గోడ మీద బోర్డు చూపించాడు. పాపం అతను కూడా ఉన్నమాటే చెప్పాడు.

అది చాలనట్టు వారం తిరక్కుండా మెమో ఒకటి వచ్చింది. గ్యాసు బండ తెచ్చిన మనిషి నంబరు అడిగితే సన్యాసిరావు చెప్పాడు. ఆ మనిషి కొడుకు రెండో తరగతి. పిల్లవాడు బళ్ళో టీచరుకి చెప్పాడు, టీచరు పైకి రాసింది. మెమోలో ఇలా ఉంది: ‘శాఖాపరమైన ఉదాహరణను అనధికార వ్యక్తికి బహిర్గతము చేసినందుకు తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.’ నా నంబరే కదా అని సన్యాసిరావు వెళ్ళి మొత్తుకున్నాడు. కోదండపాణి చాలా ఓపిగ్గా వివరించాడు. “నియామకానికి పూర్వం అది మీది. ప్రస్తుతం అది పాఠ్యాంశం. పాఠ్యాంశాన్ని తరగతి గది వెలుపల వినియోగించే అధికారం మీకు గానీ నాకు గానీ లేదు.” ఆ పూటకి హెచ్చరికతో వదిలేశారు.

ఈలోగా పరీక్షలొచ్చాయి. పక్షోత్సవం అప్పటికే మూడు నెలలుగా నడుస్తోంది. ప్రశ్నపత్రంలో ఒకటే ప్రశ్న: సన్యాసిరావు గారి వ్యక్తిగత వివరములు ఏవి? తెలిసి చెప్పని విద్యార్థికి పూర్తి మార్కులు. చెప్పిన విద్యార్థికి సున్న. తెలియక చెప్పని విద్యార్థికి కూడా సున్న. తెలిసి చెప్పనివాణ్ణీ తెలియక చెప్పనివాణ్ణీ ఎలా వేరు చెయ్యాలో తెలియక టీచర్లు జుట్టు పీక్కున్నారు. దాని మీద ఒక కమిటీ కూర్చుంది. బిస్కెట్లు, టీలు అయ్యాక తేల్చింది. తెలిసి చెప్పనివాడి ముఖంలో గర్వం ఉంటుంది, తెలియక చెప్పనివాడి ముఖంలో బెదురు ఉంటుంది, ముఖం చూసి మార్కులు వెయ్యండి అని. దాంతో ప్రతి బళ్ళోనూ లెక్కలు, తెలుగు పక్కన పెట్టి పిల్లలకి గర్వంగా మొహం పెట్టడం నేర్పారు. నెల్లివాడలో సన్యాసిరావే అద్దం తెచ్చి గోడకి తగిలించి నేర్పాడు.

రెండో తరగతిలో తనూజ అని ఒక పిల్ల ఉండేది. వీధి చివర ఇల్లు. గలగలా మాట్లాడుతుంది, అడగనిదే ఊరుకోదు. తాళం చెవి జాడ తెలిశాక ఆ పిల్ల కూడా ఒకనాడు మాస్టారింటికి వచ్చింది. నూకరత్నం ఎదురుగా నిలబడి, అమ్మగారూ, మీరు మాస్టార్ని చేగోడీ అంటారంట కదా, ఒక్కసారి అనండి అని అడిగింది. సన్యాసిరావు అరుగు మీద నుంచి విన్నాడు. నూకరత్నం ఆ పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టి, “ఇప్పుడు అనట్లేదమ్మా. అందరూ అనీస్తన్నారు కదా” అంది. పిల్ల బెల్లం చప్పరిస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ తరవాత బళ్ళో పాటలో తేడా వచ్చింది. ఆఖరి చరణం వచ్చేసరికి పిల్లలందరూ అరచేత్తో నోరు మూసుకుని, ఆ మాట ఉండాల్సిన చోట ఊరికే ఊగేవారు. సన్యాసిరావు లోపలి కవికి ఒళ్ళు మండింది. సాహిత్యం మరిచిపోయారర్రా అని కేకలేశాడు. పాటలో పట్టంతా ఆ ఒక్క మాట మీదే ఉంది, అది మింగేస్తే ఇంకేముంటుంది అని అద్దం దగ్గర నిలబెట్టి మళ్ళీ పాడించాడు. పిల్లలు మళ్ళీ మింగేశారు. పరీక్షలయ్యాక కూడా అంతే. ఇంతటి కవికి తన పాటని పిల్లలు ఎందుకు మింగుతున్నారో తట్టలేదు.

పక్షోత్సవం ఏడో నెలలో, ఎలా జరుగుతోందో చూడటానికి రాష్ట్ర స్థాయి నుంచి పరిశీలకురాలు వచ్చింది. జిల్లా ఉదాహరణ పనిచేసే బడి గనక నెల్లివాడలోనే సభ పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. ‘ఉదాహరణ సతీమణి’ అని నూకరత్నాన్ని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆమె రానంది గానీ, రాకపోతే వాస్తవికత దెబ్బతింటుందని కబురు పంపారు. ఆమె కొంగు భుజాల నిండా కప్పుకుని ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. సన్యాసిరావు వేదిక మీద, బోధనోపకరణానికి కేటాయించిన చోట నిలబడ్డాడు. వరసగా కూర్చున్న పిల్లల నోళ్ళ వైపే చూస్తూ, ఈరోజు మైకులో కూడా ఆ మాట వినబడితే ఇక ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలా అనుకున్నాడు.

పరిశీలకురాలు నిదానస్థురాలు. ఒక్కొక్క పిల్లవాణ్ణీ లేపి, మాస్టారి ఫోను నంబరెంత, తాళం చెవి ఎక్కడ, ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారు అని అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరూ నేర్పినట్టుగా గర్వంగా మొహాలు పెట్టారు. ఒకడు మరీ గర్వంగా పెట్టి తుమ్మాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, బాగానే ఉంది గానీ వీళ్ళకి అసలు తెలుసని నాకెలా తెలుస్తుంది అంది.

కోదండపాణి మొహాన చెమట పట్టింది. ఏడు నెలల శ్రమ, అన్ని ఫ్లెక్సీలు, తన పదోన్నతి, అన్నీ ఇప్పుడు ఈ పిల్లల నోట్లో ఉన్నాయి. ముందు బుజ్జగించాడు. పరవాలేదు, నేను చెప్పమంటున్నాను, చెప్పండి అన్నాడు. పిల్లలు చెప్పలేదు. చాక్లెట్ల డబ్బా తెరిచి చూపించాడు. చాక్లెట్ల వైపు చూశారు గానీ చెప్పలేదు. అందర్నీ ఒకటో తరగతిలోనే కూర్చోబెడతానన్నాడు. సగం మందికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా చెప్పలేదు. సన్యాసిరావు వేదిక మీద నుంచి ఇదంతా చూశాడు. తను నేర్పిన పాఠం వాళ్ళకి ఇంతగా వచ్చిందని ఆయన అప్పటిదాకా అనుకోలేదు. ఇంతమంది కలిసి కాపాడుతున్నది తను రెండు మాత్రలకి అమ్ముకున్న మాటనని తెలిసి సిగ్గేసింది.

చివరికి కోదండపాణి ఆగలేక మైకు లాక్కున్నాడు. “వీళ్ళకు తెలుసు మేడమ్. జిల్లాలో తెలియని వారు లేరు. తాళం చెవి మందారం కుండీలో! భయపడునది బల్లికి! భార్యామణి పిలుచు పేరు చేగోడీ!” అని మొత్తం అప్పజెప్పేశాడు. ఫోను నంబరు కూడా ఒక్క అంకె తప్పకుండా చెప్పాడు. మైకులు బజారు దాకా కట్టి ఉండటంతో ఊరంతా వినబడింది.

పిల్లలు నిర్ఘాంతపోయి చూశారు. తనూజ లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు.

“ఏటండి, సెప్పీసినారు?” అంది కోదండపాణితో. “సెప్పొద్దనే కదా పాట. అది మాస్టారింట్లో మాట.”

కోదండపాణి నియమావళి తీసి పేజీలు తిరగేయసాగాడు. పరిశీలకురాలు ముందుకి వంగి, చెబితే ఏమవుతుందమ్మా అని నెమ్మదిగా అడిగింది. ఆ పక్షోత్సవంలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే, అంతవరకూ దాన్ని ఎవరూ అడగలేదు.

“అందరూ అనీస్తే ఇంక ఆ అమ్మగారు అనలేరు కదండి” అంది తనూజ. “అందుకే మేము అనం. మాస్టారు కొట్టినా అనం.”

మాస్టారు కొట్టలేదు, కేకలు మాత్రమే వేశాడు. అయినా సన్యాసిరావు తల దించుకున్నాడు. ముందు వరసలో నూకరత్నం కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో వేదిక మీదకి తెలియలేదు.

పది రోజులకి తీర్పు వచ్చింది. రాష్ట్ర కార్యాలయం చాలా నిశితంగా పరిశీలించి రాసింది: ‘ప్రస్తుత జిల్లా ఉదాహరణ వద్ద గోప్యముగా ఉంచదగిన సమాచారమేదియు మిగిలి లేనందున, సదరు వ్యక్తి గోప్యత బోధించుటకు పనికిరాడని నిర్ధారించి, ఆయనను సమాచార రహిత వ్యక్తిగా ధ్రువీకరించుచూ విధుల నుండి విముక్తుని చేయడమైనది.’ జిల్లాలో ఇంత సమాచారం కంఠతా పట్టి, మైకులో తడబడకుండా వెల్లడించిన అనుభవం దృష్ట్యా కొత్త జిల్లా ఉదాహరణగా కోదండపాణి గారిని నియమించారు. ఆయన ఆ రాత్రే ఇంటి తాళం మార్చాడట గానీ, ముందస్తు అనుమతి లేనందున మళ్ళీ పాత తాళమే వెయ్యాల్సి వచ్చింది. తన మీద పాట కట్టి పెట్టమని సన్యాసిరావుకి కబురు పెట్టాడు. జబ్బు నయమైందని సన్యాసిరావు జవాబు పంపాడు.

ఆ సాయంత్రం ధ్రువపత్రం పట్టుకుని ఇంటికి వెళ్ళి నూకరత్నానికి చదివి వినిపించాడు. ఆమె పప్పు పోపు పెడుతూ వింది.

“అయితే మీ దగ్గర ఏటీ మిగల్లేదన్నమాట” అంది.

“లేదట. సంతకం, ముద్ర కూడా ఉన్నాయి.”

అప్పుడు ఆమె నవ్వింది. ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. పోపు మాడుతున్నా గరిటె పక్కన పెట్టి నవ్వింది. సన్యాసిరావుకి ప్రాణం లేచి వచ్చింది. నన్ను ఖాళీ చెయ్యడానికి రెండు మాత్రలు చాలాయే అని తనూ నవ్వాడు. తరవాత కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆయన తువ్వాలుతో తుడుచుకుంటుండగా వంటింటి గుమ్మంలోంచి ఆమె మెల్లగా ఒక మాట అని పిలిచింది. పాతది కాదు, కొత్తది. అన్ని రోజుల నుంచీ మనసులో దాచుకుని ఉంచినట్టుంది.

సన్యాసిరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ మాట ఎంత బాగుందంటే, పాత మాటకంటే ప్రాసకి ఇంకా బాగా ఒదుగుతుంది. ఆయన బొటనవేలు తనంతట తానే వేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆయన గుప్పిట మూసేశాడు. మూసి, వెళ్ళి అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు బళ్ళోకి అడుగుపెట్టగానే తనూజ ఎదురొచ్చింది.

“మాస్టారూ, అమ్మగారు మళ్ళీ పిలస్తన్నారా? ఏటని పిలస్తన్నారు?”

సన్యాసిరావు ఏమీ చెప్పలేదు. పిల్ల ఆయన ముందు నిలబడి, మెడ ఎత్తి, అద్దం దగ్గర నేర్పిన గర్వం కోసం ఆయన మొహం అటు నుంచీ ఇటు నుంచీ జాగ్రత్తగా చూసింది. తరవాత సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఆయన పేరు రాసి, పక్కన పూర్తి మార్కులు వేసింది.